ఒక మెట్టు దిగిన హార్మోనియం

నిర్మల్‌లో మా నాటకం ఆడిన రోజు హార్మోనియం ఒక మెట్టు కిందికి దిగి ఉంది. దించింది నేనే. ఈ సంగతి ఇంతవరకు నోరు తెరిచి ఎవరికీ చెప్పలేదు. ప్రతిరోజూ డైరీ రాసుకునే దాన్ని, ఆ నాటి పేజీలో కూడా "ఎండ బాగా ఉంది. పెట్టె విప్పి దుమ్ము దులిపాను" అని మాత్రమే రాసుకున్నాను. నా డైరీ నేను తప్ప ఎవరూ చదవరు. అయినా ఆ రోజు దానికి కూడా భయపడ్డాను.

ఇప్పుడు నా దగ్గర హార్మోనియం నేర్చుకోవడానికి వచ్చే బడిపిల్లలు, మీరు నాటకాలకు పాటలు కట్టేవారట గదా టీచరమ్మా, చెప్పండి అని అడుగుతుంటారు. నలుగురిలో నోరు విప్పి చెప్పడం నాకు ఇప్పటికీ చేతకాదు. అందుకే రాస్తున్నాను. నాకింకా ముప్ఫై రెండు నిండలేదు. కాని ఊరూరా టూరింగు టాకీసు డేరాలు లేచాక మా నాటక సమాజం మూతపడింది. మనిషి కంటే ముందు ఉద్యోగమే ముసలిదై పోయింది కాబట్టి నన్ను కూడా రిటైరైన మనిషి కిందే లెక్కవేసుకోండి.

మా బాపు కరీంనగర్ దగ్గర మిషన్ దవాఖానలో కాంపౌండరు. ఆదివారాలు చర్చిలో హార్మోనియం వాయించేవాడు. ఒళ్ళో పెట్టుకుని ఒక చేత్తో తిత్తి ఊదే చిన్న పెట్టె కాదది. బల్లంత ఎత్తుంటుంది, కుర్చీలో కూర్చుని కాళ్ళతో తొక్కుతుంటే రెండు చేతులూ మెట్ల మీద ఆడతాయి. బాపు మోకాళ్ళు పట్టేశాక, నా పన్నెండో ఏట ఆ కుర్చీ నాకు వచ్చింది. వాయించడం కంటే ముందు బాపు నాకు పెట్టె విప్పడం నేర్పాడు. ప్రతి వానాకాలం అయిపోగానే మరలు తీసి, ఒక్కొక్క రీడును, అంటే గాలికి అదిరి పలికే ఆ సన్నటి ఇత్తడి నాలుకను, ఈకతో తుడిచి మళ్ళీ బిగించాలి. దవాఖాన మనిషి కదా, పెట్టెకు కూడా గొంతు పరీక్ష చేస్తున్నట్టే చేసేవాడు.

నాకు పందొమ్మిదేళ్ళప్పుడు ఒక ఆదివారం ప్రార్థన జరుగుతుంటే, తెల్లటి ధోవతి కట్టుకున్న ఒక పెద్దమనిషి చర్చి కిటికీ పక్కన మొదటి నుంచి చివరి దాకా నిలబడి విన్నాడు. లోపల చెప్పులు విడవాలో వద్దో తెలియక బయటే ఉండిపోయానని తర్వాత చెప్పాడు. ఆయన మా జిల్లాలో పేరున్న నటుడు, రాజు వేషాలు కట్టేవాడు. పుట్టింది సిరిసిల్ల వైపు నేత ఇంట్లో. వాళ్ళ సమాజంలో హార్మోనిస్టు పట్నం వెళ్ళిపోయి మూడు నెలలైంది. మిషన్‌లో ఎవరో పిల్ల రెండు చేతులా వాయిస్తుందని విని వెతుక్కుంటూ వచ్చాడు.

బాపు ససేమిరా అన్నాడు. నాటకాలేమిటి, ఆడపిల్ల ఏమిటి, ఊళ్ళు తిరగడమేమిటి. ఆయన వాదించలేదు. మళ్ళీ ఆదివారం తన భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. సమాజానికి వంట చేసేది ఆమేనని, పిల్ల పడుకునేది ఆమె పక్కనేనని, క్రిస్మస్‌కు, ఈస్టర్‌కు తానే తెచ్చి ఇంటి దగ్గర దించుతానని చెప్పాడు. తర్వాత నా వైపు తిరిగి, నేను తల ఎత్తకపోయినా, నవ్వుతూ అన్నాడు.

"నేను మగ్గం తొక్కిన, నువ్వు పెట్టె తొక్కుతున్నవ్. ఇద్దరం కాళ్ళతోని బతికెటోళ్ళమే బిడ్డా. మా ఇంటి పిల్లవే నువ్వు."

అప్పటి నుంచి ఆయన నాకు పెద్దబాపు, ఆమె పెద్దవ్వ.

సమాజం యజమానిని అందరం సేటు అనేవాళ్ళం. ఆయన ఎవరి చేతనో నాటకం రాయించి తెచ్చేవాడు. అందులో పద్యాలకు, పాటలకు వరుసలు కట్టడం, వాటిని నటులకు నేర్పడం, ఆట నాడు వేదిక పక్కన సమాజపు కాలి పెట్టె ముందు కూర్చుని అందరికీ శ్రుతి ఇవ్వడం నా పని. మొదటిది, మూడోది ఎలాగో చేసేదాన్ని. పెట్టె ముందు కూర్చుంటే జనానికి వీపే కనబడుతుంది, అది నాకు పెద్ద అదృష్టం. మధ్యలోదే ప్రాణం తీసేది. మీసాలున్న మగవాళ్ళను ఎదురుగా నిలబెట్టి, మీరు అపస్వరం పాడుతున్నారు అని ఎలా చెప్పాలి? నేను వరుసను సరిగమల్లో డైరీ వెనక రాసుకుని, చేత్తో వాయించి ఊరుకునేదాన్ని. పెద్దబాపు దాన్ని విని, పాడి, మిగతావాళ్ళకు నేర్పేవాడు. తప్పు పాడినవాణ్ణి నేను చూస్తే చాలు, ఆయన తిట్టేవాడు. చిన్నప్పటి నుంచి చర్చిలో వాయించిన పాటల మెట్లు చాలావరకు శంకరాభరణం మెట్లేనని నాకు చెప్పింది కూడా ఆయనే. నాకప్పటి దాకా ఆ రాగం పేరు పుస్తకంలో తెలుసు, చేతిలో ఉన్నట్టు తెలియదు.

నేను వరుసలు కట్టిన మొదటి నాటకానికి కరపత్రాలు వచ్చినప్పుడు 'సంగీతం' అన్న చోట సేటు పేరుంది. అది ఆ రోజుల్లో మామూలే. నాకు తప్పని కూడా తోచలేదు. పెద్దబాపు మాత్రం ఆ కాగితం తీసుకుని సేటు దగ్గరికి వెళ్ళాడు. వరుసలు కట్టింది ఎవరో వాళ్ళ పేరు వేస్తేనే ముఖానికి రంగు పూసుకుంటానన్నాడు. కరపత్రాలు మళ్ళీ అచ్చయ్యాయి. అందులో ఒకటి నా బైబిలులో ఇప్పటికీ ఉంది. నా పేరు అచ్చులో చూసుకోవడం అదే మొదలు. సిగ్గుతో రెండు రోజులు ఎవరికీ కనబడలేదు. ఎవరూ లేనప్పుడు తీసి ఎన్నిసార్లు చదువుకున్నానో చెప్పను.

అదే కరపత్రంలో ఆయన పేరు కింద ఇంకో మాట ఉండేది. 'ఐదున్నర శ్రుతి.' ఆ కాలంలో పద్యం పాడే నటుడికి శ్రుతి బిరుదు లాంటిది. ఎంత ఎత్తున పాడితే అంత గొప్ప. మైకులు లేనప్పుడు చివరి వరసలో కూర్చున్నవాడికి వినబడాలంటే అంత ఎత్తు కావాలి కూడా. ఐదున్నర అంటే హార్మోనియం మీద ఒక నల్ల మెట్టు. పెద్దబాపు వేదిక మీదికి వచ్చే ముందు తెర పక్క నుంచి నా చేతి వంక చూసేవాడు. నా వేలు ఆ నల్ల మెట్టు మీద ఉందని చూసుకున్నాకే అడుగు లోపల పెట్టేవాడు. పద్యం పాడుతున్నంతసేపూ కుడికాలు మాత్రం మగ్గం తొక్కుతున్నట్టు మెల్లగా ఆడుతుండేది.

నేను చేరిన మూడో ఏట ఆయన గొంతు బరువెక్కింది. అప్పుడు మేం ఆడుతున్నది కరువులో ఊరికి చెరువు తవ్వించి, చివరికి కిరీటం తీసి ఒక తట్ట మోసే మనిషి తల మీద పెట్టే రాజు కథ. ఆ చివరి పద్యానికి మోహన రాగంలో వరుస కట్టింది నేనే. ఆయన గొంతు తెలిసి, ఆయన కోసమే, పై షడ్జం మీద, అంటే పై 'స' మీద, చాలాసేపు నిలబెట్టాను. ఇప్పుడు అదే ఆయనకు ఉరి అయింది. రెండు ఊళ్ళలో ఆ చోట గొంతు జీరపోయింది. దగ్గుతో కప్పిపుచ్చాడు.

ఖానాపూర్‌లో నేను పెద్ద తప్పు చేశాను. చివరి పద్యానికి ముందు, ఆయన తట్ట మోసే మనిషి వైపు తిరిగి మాట్లాడుతున్నప్పుడు, నల్ల మెట్టు వదిలి దాని పక్కన ఒక మెట్టు తక్కువైన తెల్ల మెట్టు పట్టాను. ఆయన ఇటు తిరిగాడు, నా వేలు చూశాడు, ఆగిపోయాడు. గొంతు పెంచలేదు. కాని ఆ నిశ్శబ్దంలో అందరికీ వినబడింది.

"మెట్టు దప్పింది బిడ్డా. ఐదున్నర."

పట్టాను. ఆయన పాడాడు. పై షడ్జం దగ్గర గొంతు పగిలింది. ముందు వరసలోంచి ఎవరో ఆ పగిలిన చప్పుడునే కోడికూతలా కూసి వెక్కిరించారు. జనం నవ్వారు. ఆయన కుడికాలు ఆగిపోవడం నేను చూశాను.

మర్నాడు బస్సులో ఆయన వెనక సీటులో ఒక్కడే కూర్చున్నాడు. అన్నం సగమే తిన్నాడని పెద్దవ్వ చెప్పింది. సాయంత్రం తనే నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

"పోయింది నా గొంతు. నీ వేలుది తప్పు లేదు" అన్నాడు. నా వేలి వంక చూసి, "కాని చెప్పకుంట దించుడు మంచిగ లేదు బిడ్డా. చెప్పి దించినా నేను ఒప్పుకోననుకో. గది వేరే ముచ్చట" అని తనే నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. ఆ పూటే సేటు ఒక మాట అనడం విన్నాను. కోస్తా నుంచి ఒక యువకుణ్ణి పిలిపించాడట. బాగా పాడతాడట. "నిర్మల్ల సూస్త. మల్లొక్కసారి గొంతు వగిలిందంటే రాజు ఏషం గా పిలగానికే" అన్నాడు. ఇయ్యి సేటూ, నేను ఊరికి పోయి మగ్గం గుంటలో కూర్చుంటా అని పెద్దబాపు తేలిగ్గా జవాబిచ్చాడు. తర్వాత వంట దగ్గర పెద్దవ్వ పొయ్యిలోకి చూస్తూ నాతో అంది.

"ఏ మగ్గం బిడ్డా? కొడుకులు గుంట పూడ్చి పవర్లూము వెట్టిండ్రు. ఆయనకింకా ఎర్కలే. నేనెట్ల చెప్పాలె?"

వేదిక దిగితే ఆయన కాలు పెట్టడానికి చోటు లేదు. నన్ను చర్చి కిటికీ దగ్గర విని, ఇంటి నుంచి తెచ్చి, నా పేరు అచ్చు వేయించిన మనిషికి నేను కట్టిన వరుసే అడ్డం పడుతోంది. వరుస మార్చవచ్చు గదా అంటారు మీరు. మార్చి చూపించాను. ఆయన విని, బాగుంది, ముసలోళ్ళకు పనికొస్తుంది అన్నాడు. శ్రుతి దించమంటే ఒప్పుకోడు. దించితే వేలు చూస్తాడు. చూసేది వేలునే కదా అన్న ఆలోచన నిర్మల్ చేరిన రోజు మధ్యాహ్నం వచ్చింది.

మమ్మల్ని సెలవుల్లో మూసి ఉన్న ఒక బడిలో దించారు. పక్క వీధిలో బొమ్మలు చేసేవాళ్ళు ఆరబెట్టిన రంగుల వాసన గదిలోకి వస్తోంది. అందరూ భోంచేసి పడుకున్నారు. నేను తలుపు దగ్గరగా వేసి, పెట్టె పై పలక విప్పాను. ముప్పై తొమ్మిది మెట్లు, ముప్పై తొమ్మిది రీడులు. ఒక్కొక్క రీడునూ తీసి దాని కుడిపక్క మెట్టు కిందికి జరపాలి. అప్పుడు అదే నల్ల మెట్టు నొక్కితే ఒక మెట్టు తక్కువ స్వరం పలుకుతుంది. చెప్పడానికి ఇంతే. కాని ఒక రీడు ఇంకో రీడు ఇంట్లో సరిగ్గా కూర్చోదు, అంచుల్లో గాలి పోతుంది. డైరీ చివరి ఖాళీ పేజీలు చింపి, సన్నటి పీలికలు కత్తిరించి, మైనంతో అంచులు మూశాను. అందుకే ఆ ఏటి డైరీకి చివర నాలుగు పేజీలు లేవు. చివరికి కుడివైపు ఒక రీడు మిగిలిపోయింది. ఎడమ చివరి మెట్టుకు రీడు లేక మూగబోయింది.

సగంలో ఉండగా మా తబలా ఉస్తాద్ నీళ్ళ కోసం వచ్చాడు. పెట్టె పేగులన్నీ నేల మీద వరసగా పరిచి ఉన్నాయి. ఆయన చెంబు పట్టుకుని చాలాసేపు చూశాడు. ఎటు నుంచి ఎటు జరుపుతున్నానో ఆయనకు అర్థమైపోయింది.

"పెట్టె దిగితే నా తబలా గూడ దిగాలె గద బేటీ. జర నాకు చెప్పొద్దా? ఆటల నేను పైన, నువ్వు కింద ఉంటే ఇద్దర్ని కలిపి కొడ్తరు జనం."

నేను ఏడ్చేశాను. ఆయన చెంబులో నీళ్ళు నాకే ఇచ్చాడు.

"ఫికర్ జెయ్యకు. నువ్వు నాకేం చెప్పలే. నేనేం చూడలే. సుత్తె పట్టుకొని జర దించుకుంట, గంతే."

ఆ రోజు ఆటకు కోస్తా నటుడు ట్రంకుపెట్టెతో దిగి, సేటు పక్కన ముందు కుర్చీలో కూర్చున్నాడు. తెర లేచే ముందు నా వీపు వెనక జనం ఎంతమంది ఉన్నారో చూడలేదు. చప్పుడుకే తెలుస్తుంది. పెద్దబాపు తెర పక్కకు వచ్చాడు. నా వేలు వంక చూశాడు. నల్ల మెట్టు. శ్రుతి ఇచ్చాను. ఆయన కళ్ళు మూసుకున్నాడు. రోజూ కంటే ఒక్క క్షణం ఎక్కువసేపు మూసుకున్నాడని నాకనిపించింది. కళ్ళు తెరిచి నా వైపు చూడకుండా వేదిక మీదికి నడిచాడు.

ఒక్క మెట్టు ఎంత? వినేవాళ్ళకు తెలియనే తెలియదు. గొంతు పగిలే అంచున నిలబడ్డవాడికి మాత్రం అది చాలు. చివరి పద్యంలో ఆయన కిరీటం తీసి, రెండు చేతులా పట్టుకుని, పై షడ్జానికి ఎక్కాడు. నేను ఊపిరి బిగబట్టి తిత్తిలో మాత్రం గాలి ఆగకుండా తొక్కాను. గొంతు నిలబడింది. వయసులో ఉన్నప్పటి గొంతు కాదు. కొంచెం అరిగి, కొంచెం తడిసి, నేను ఆ వరుస కట్టినప్పుడు ఊహించిన దానికంటే మంచిగా ఉంది. ఆయన కుడికాలు కదులుతోంది. జనం వన్స్‌మోర్ అని లేచారు. మళ్ళీ పాడాడు. మళ్ళీ అడిగారు. మూడోసారి కూడా పాడాడు.

ఆట అయ్యాక కోస్తా నటుడు వచ్చి ఆయన పాదాలకు దండం పెట్టి, ఈ వేషం మీరుండగా నేను కట్టనండీ, రాకుమారుడిదేదైనా ఉంటే ఇవ్వండి అన్నాడు. తర్వాత చాలా ఏళ్ళు ఇద్దరూ తండ్రీకొడుకులుగా వేశారు. మర్నాడు సేటు కరపత్రాలకు చెప్పినప్పుడు 'ఐదున్నర శ్రుతి' అన్న మాట ఇంకొంచెం పెద్ద అక్షరాల్లో వేయమన్నాడు.

ఆ అక్షరాలు కనబడినప్పుడల్లా కరపత్రం మడిచి పక్కన పెట్టేసేదాన్ని. చెప్పకుండా దించుడు మంచిగ లేదని ఆయన నాతో అన్న వారానికే, ఇంకా తెలివిగా అదే పని చేశాను. ఎన్నోసార్లు చెప్పేద్దామనుకున్నాను. వాక్యం డైరీలో రాసుకుని వెళ్ళేదాన్ని. ఆయన ఏదో జోకు వేసేవాడు, నేను తల దించుకుని వచ్చేసేదాన్ని. చెబితే గొంతు మళ్ళీ పగులుతుందేమోనని భయం ఒకటి. నా మీద ఆయనకున్న నమ్మకం పగులుతుందేమోనన్నది అసలు భయం. ఒకసారి సేటు ఎడమ చివరి మెట్టు పలకడం లేదని కనిపెట్టి, పట్నం నుంచి మేస్త్రీని పిలిపిస్తానన్నాడు. పెద్దబాపే అడ్డం పడ్డాడు. ఆ మెట్టుతో తనకు పని లేదని, పెట్టెను ఎవరూ ముట్టుకోవద్దని, ముట్టుకుంటే దాని గొంతు మారుతుందని గట్టిగా చెప్పాడు. నేను దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. ఆయన ఎందుకంత గట్టిగా చెప్పాడని మాత్రం ఆలోచించలేదు. పుస్తకాలు చదివే వాళ్ళకు తెలివి ఎక్కువ అనుకోకండి.

ఆరేళ్ళు ఆ పెట్టె మీదే ఆయన ఐదున్నరలో పాడాడు. సమాజం మూతపడినప్పుడు సేటు పెట్టెను నాకే ఇచ్చేశాడు. పిల్లలూ, మీరు నా దగ్గర నేర్చుకుంటున్నది దాని మీదే. మిగిలిపోయిన ఆ రీడు నా పెన్సిళ్ళ డబ్బాలో ఉంది. ఎవరైనా అడిగితే పాత తాళం ముక్క అనేదాన్ని.

పోయిన ఏడు పెద్దబాపుకు బాగాలేదని కార్డు వస్తే వాళ్ళ ఊరు వెళ్ళాను. కాలి పెట్టెను బస్సులో తీసుకుపోలేను కదా, చర్చిలో చిన్న చేతి హార్మోనియం అడిగి తీసుకువెళ్ళాను. పక్క గదిలో పవర్లూము ఆడుతూనే ఉంది. ఆయన నులకమంచం మీద పడుకుని ఉన్నాడు, ఒక కాలు దుప్పటి బయటకు పెట్టి. మాట సన్నబడింది. పెద్దవ్వ తలాపున కూర్చుంది. మూడు రోజుల సంది నవ్వలే, నిన్ను చూసినంకనే నవ్విండు అంది.

శ్రుతి పట్టమని సైగ చేశాడు. పెట్టె నేల మీద పెట్టుకుని, అలవాటుగా నల్ల మెట్టు పట్టాను. సరైన ఐదున్నర. ఆ గదిలో అది చాలా ఎత్తుగా, పరాయిగా మోగింది. ఆయన నా వేలు వంక చూడలేదు. నా ముఖం వంక చూశాడు. ఒక మాట అన్నాడు. నా వేలు దానంతటదే జరిగి పక్కనున్న తెల్ల మెట్టు మీదికి వెళ్ళింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. సాయంత్రం ఆఖరు బస్సు దాకా నేను శ్రుతి పట్టుకునే ఉన్నాను. పెదవులు అప్పుడప్పుడు కదిలేవి, దుప్పటి బయటి కాలు మెల్లగా ఆడేది. మళ్ళీ ఏమీ మాట్లాడలేదు. వారం తర్వాత ఇంకో కార్డు వచ్చింది.

ఆయన అన్న ఆ మాటను బస్సులోనే డైరీలో రాసుకున్నాను. కుదుపులకు అక్షరాలు వంకర పోయాయి, అయినా చదవగలను.

"అది దునియాకు ఐదున్నర బిడ్డా. నాకు మన ఐదున్నర ఇయ్యి."